పోటీ కంపెనీ కారు విప్పి చూస్తే ఏం తెలుస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఫోక్స్‌వాగన్ బీటిల్ మీద వేసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. బ్రిటిష్ ఇంజనీర్లు ఆ కారును పరీక్షించి ‘కాపీ కొట్టదగ్గది కాదు’ అన్నారని అందులో ఒక వాక్యం ఉంది. ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యం గురించే. కొన్ని ప్రశ్నలను కలిపి, కొన్నింటిని కుదించి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బీటిల్‌ను చూసి పనికిరాదన్న బ్రిటిష్ ఇంజనీర్లు అంత తెలివి తక్కువవాళ్లా? తర్వాత ఆ కారు రెండు కోట్లకు పైగా అమ్ముడుపోయింది కదా? – ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు

తెలివి తక్కువవాళ్లు కాదు. ఆ నివేదికను ఎగతాళి చేసేవాళ్లలో చాలామంది దాన్ని సగమే చెబుతారు.

పరీక్షించింది ప్రధానంగా కోవెంట్రీలోని హంబర్ కంపెనీ. హిల్మన్, హంబర్ కార్లు తయారుచేసిన రూట్స్ గ్రూపులో అదొక భాగం. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల చేతికి మొదట వచ్చింది మనం ఎరిగిన గుండ్రటి బీటిల్ కాదు. ఉత్తర ఆఫ్రికా ఎడారి యుద్ధరంగంలో పట్టుబడిన టైప్ 82, అంటే జర్మన్ సైన్యం వాడిన క్యూబెల్‌వాగన్. దాన్ని పూర్తిగా విప్పి రాసిన నివేదికను యుద్ధం తర్వాత సెడాన్ మీద జరిగిన పరీక్షలతో కలిపి బ్రిటిష్ ఇంటెలిజెన్స్ ఉపసంఘం 998వ నంబరు నివేదికగా ప్రచురించింది. దాని సారాంశం ఇది: కొన్ని వివరాలను మినహాయిస్తే డిజైన్‌లో ప్రత్యేకమైన ప్రతిభ కనబడటం లేదు, బ్రిటిష్ పరిశ్రమ అనుకరించాల్సిన మేలిరకం ఆధునిక డిజైన్‌గా దీన్ని చూడనక్కర్లేదు. ‘కొన్ని వివరాలను మినహాయిస్తే’ అన్న ముక్కను చెప్పేవాళ్లు వదిలేస్తారు.

ముందు వాళ్ల ముందున్న బండి సంగతి. క్యూబెల్‌వాగన్ వెనక చక్రాల దగ్గర అదనంగా రిడక్షన్ గేర్లు ఉంటాయి. నేల నుంచి ఎత్తు పెంచడానికి, నడిచే సైనికుల పక్కన గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో సాగడానికి పెట్టినవి. వాటివల్ల మోత పెరుగుతుంది, గరిష్ఠ వేగం 80 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా 1943 మార్చి దాకా అందులో వేసింది 985 సీసీ ఇంజన్. సెడాన్‌కు తర్వాత వచ్చిన 1,131 సీసీ ఇంజన్ కాదు. ఇసుకలో తిరిగి అరిగిన సైనిక వాహనాన్ని విప్పి కుటుంబాలు వాడే కారు భవిష్యత్తు చెప్పాలంటే ఎవరికైనా కష్టమే.

రెండోది కొలబద్ద. మా దృష్టిలో అసలు విషయం ఇదే. 1921 నుంచి బ్రిటన్‌లో కారు పన్ను రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పెట్టిన ‘ఆర్ఏసీ హార్స్‌పవర్’ లెక్క ప్రకారం వసూలు చేసేవారు. సిలిండర్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చించి, 2.5తో భాగించాలి. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, ఈ లెక్కలోకి రాదు. అందుకే బ్రిటిష్ కంపెనీలు బోరు (సిలిండర్ వ్యాసం) సన్నగా, స్ట్రోక్ పొడుగ్గా పెట్టేవి. రూట్స్ వాళ్ల హిల్మన్ మింక్స్‌నే తీసుకోండి. బోరు 63 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 95, సామర్థ్యం 1,185 సీసీ. పన్ను లెక్కలో 9.8, అంటే పది హార్స్‌పవర్ కారు. ఫోక్స్‌వాగన్ 1,131 సీసీ ఇంజన్‌కు బోరు 75, స్ట్రోక్ 64. అదే లెక్కలో దాదాపు 14. ఇంజన్ సైజులో మింక్స్ కంటే చిన్నదైనా పన్ను మాత్రం పద్నాలుగు హార్స్‌పవర్ కారుకు కట్టాలి. అప్పటి బ్రిటిష్ డిజైనర్ దాన్ని చూడగానే తల అడ్డంగా ఊపడంలో ఆశ్చర్యం లేదు.

పరీక్ష కాగితం మీద పవర్ కూడా తక్కువే. 25 హార్స్‌పవర్, అదీ నిమిషానికి 3,300 చుట్ల దగ్గర. మింక్స్ 35 ఇస్తుంది, 4,100 చుట్ల దగ్గర. ఇప్పుడు ఇంకో లెక్క వేయండి. స్ట్రోక్‌ను రెండుతో, చుట్లతో హెచ్చించి 60తో భాగిస్తే పిస్టన్ సగటు వేగం వస్తుంది. గరిష్ఠ పవర్ దగ్గర మింక్స్ పిస్టన్ సెకనుకు 13 మీటర్లు పరుగెడుతుంది, ఫోక్స్‌వాగన్ పిస్టన్ 7 మీటర్లే. పైగా టాప్ గేరు నిష్పత్తి 0.80, అంటే ఇంజన్ కంటే గేరుబాక్సు బయటి షాఫ్ట్ వేగంగా తిరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో రోజంతా తోలినా ఇంజన్ నొచ్చుకోదు. జర్మనీ కొత్త ఆటోబాన్ రోడ్లకు కావలసింది అదే. 1940లలో బ్రిటన్‌లో అలాంటి రోడ్డు లేదు కాబట్టి ఆ గుణానికి మార్కులు వేసే గడి పరీక్ష కాగితంలో లేదు.

అలాగని వాళ్లు చూపిన లోపాలు కల్పితాలు కావు. మోత, తక్కువ పవర్, వైర్లతో లాగే బ్రేకులు, సింక్రోమెష్ (గేర్లు సాఫీగా కలిసేలా చేసే ఏర్పాటు) లేని గేరుబాక్సు అన్నీ నిజమే. ఫోక్స్‌వాగనే వాటిని ఒక్కొక్కటిగా దిద్దుకుంది. ఎగుమతి మోడల్‌కు 1950లో హైడ్రాలిక్ బ్రేకులు, 1952లో పై మూడు గేర్లకు సింక్రోమెష్, 1954 మోడల్‌కు 1,192 సీసీ, 30 హార్స్‌పవర్ ఇంజన్ వచ్చాయి. 1946లో పరీక్షించిన కారు, 1972 ఫిబ్రవరి 17న ఫోర్డ్ మోడల్ టీ రికార్డును దాటిన కారు పైకి ఒకేలా కనబడ్డా లోపల భాగాలు చాలావరకు వేరు.

ఒక మాట మరువకూడదు. ఆ ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీని నిలబెట్టింది కూడా బ్రిటిష్ వాళ్లే. 1945 ఆగస్టులో అక్కడికి చేరిన మేజర్ ఐవాన్ హర్స్ట్, బాంబులకు పైకప్పులు ఎగిరిపోయిన షెడ్లలో ఉత్పత్తి మొదలుపెట్టించారు. ఆక్రమిత ప్రాంతంలో తిరగడానికి బ్రిటిష్ సైనిక ప్రభుత్వం 20,000 వాహనాలకు ఆర్డరు ఇచ్చింది. 1946 మార్చికి నెలకు వెయ్యి కార్లు వచ్చాయి. 1948 జనవరి 1న హైన్‌రిష్ నోర్డ్‌హోఫ్ పగ్గాలు పట్టారు. 1949 అక్టోబరులో ఫ్యాక్టరీని జర్మన్లకు అప్పగించారు.

ప్రశ్న: నీళ్లు లేకుండా గాలితో చల్లబడే ఇంజన్ మన ఎండలకు తట్టుకుంటుందా? పరీక్షించిన వాళ్లు దీని గురించి ఏమని ఆలోచించి ఉంటారు? – పాత కార్ల అభిమాని, హైదరాబాద్

గాలి సరిగ్గా తగిలితే తట్టుకుంటుంది. ఈ ఇంజన్‌లో గాలి దానంతటది రాదు, ఫ్యాన్ తోస్తుంది. ఆ ఫ్యాన్ డైనమో షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది, రెండింటినీ తిప్పేది ఒకే వీ బెల్టు. సిలిండర్లు నాలుగూ విడివిడిగా ఊడివచ్చే పోత ఇనుప రెక్కల గొట్టాలు. హెడ్లు అల్యూమినియం, క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమలోహం. ఆయిల్ కూలర్‌ను ఫ్యాన్ గాలి దారిలోనే పెట్టారు.

బలహీనత సరిగ్గా అక్కడే ఉంది. కూలర్ కింద ఉన్న మూడో సిలిండర్‌కు చేరే గాలి తగ్గుతుంది, చేరిన గాలి కూడా అప్పటికే వేడెక్కి ఉంటుంది. పాత బీటిల్ ఇంజన్లలో మొదట కాలేది మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వే. అందుకే సిలిండర్లకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌లో ఆ ఒక్క సిలిండర్‌కు నిప్పురవ్వ కొద్ది డిగ్రీలు ఆలస్యంగా వచ్చేలా చేశారు. 1971 మోడల్‌తో కూలర్‌ను గాలి గూటి బయటకు జరిపి అసలు సమస్యను తీర్చారు. విప్పి చూసే ఇంజనీర్ ఇలాంటి చోట కూలర్ ఎంత పెద్దది అని చూసి ఊరుకోకూడదు. దాని వెనక ఏ భాగం ఆకలితో ఉందో చూడాలి.

మీ దగ్గర బీటిల్ ఉంటే నాలుగు జాగ్రత్తలు. బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు 15 మిల్లీమీటర్లు వంగాలి. ఎక్కువ వంగితే పుల్లీ రెండు బిళ్లల మధ్య ఉన్న వాషర్లలో ఒకటి తీసి బయటి వైపు వేయండి, బెల్టు బిగుస్తుంది. తోలుతుండగా డైనమో ఎర్ర దీపం వెలిగితే ఇంటిదాకా వెళ్దామనుకోవద్దు. బెల్టు తెగితే చార్జింగుతో పాటు చల్లదనం కూడా పోయినట్టే, వెంటనే ఆపాలి. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే కాబట్టి అర లీటరు తగ్గినా తేడా పెద్దది. ఇంజన్ చుట్టూ ఉండే రేకు మూతలను, రబ్బరు సీలును ‘ఎందుకులే’ అని తీసి పారేస్తే కింది వేడిగాలి మళ్లీ ఫ్యాన్‌లోకే వెళ్తుంది. మన ఊళ్లలో పాడైన ఇంజన్లకు ఈ చివరిదే పెద్ద కారణం.

మోత విషయంలో పరీక్షకుల అభిప్రాయం న్యాయమైనదే. నీళ్ల గోడ ఉన్న ఇంజన్‌లో ఆ నీరే శబ్దాన్ని కొంత మింగుతుంది. ఇక్కడ రెక్కలు, ఫ్యాన్ రెండూ శబ్దం చేస్తాయి.

ప్రశ్న: పోటీ కంపెనీ కారును విప్పి అంచనా వేయడానికి క్రమం ఏమిటి? మా ప్రాజెక్టుకు పనికొచ్చేలా చెప్పండి. – మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

స్పానర్ పట్టుకోవడం చాలా చివర్న వస్తుంది. బోల్టు విప్పాక కొన్ని కొలతలు ఇక ఎప్పటికీ దొరకవు.

మొదట బండిని ఉన్నదున్నట్టు నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూచండి, టాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి. బీటిల్ లాంటి వెనక ఇంజన్ కారు ప్రవర్తన సగం ఈ నాలుగు అంకెల్లోనే తెలుస్తుంది. తర్వాత రోడ్డు. గాలి లేని ఉదయం పూట, చదునైన రోడ్డు మీద, 80 కిలోమీటర్ల వేగం నుంచి న్యూట్రల్‌లో వదిలి, ప్రతి 10 కిలోమీటర్ల తగ్గుదలకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. అదే రోడ్డు మీద ఎదురు దిశలో మళ్లీ చేసి రెండింటి సగటు తీయాలి, లేకపోతే కంటికి కనబడని వాలు మిమ్మల్ని మోసం చేస్తుంది. ఇంధన వినియోగానికి టాంకు మీద ఆధారపడకండి, గీతలున్న విడి సీసా నుంచి ఇంజన్‌కు పైపు ఇచ్చి స్థిర వేగాల దగ్గర కొలవండి.

ఇంజన్‌ను డైనమోమీటర్ (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టేటప్పుడు ఏ భాగాలతో పెట్టారో తప్పక రాయాలి. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఫ్యాన్ తీసేసి పరీక్షిస్తే కాగితం మీద పవర్ పెరుగుతుంది, రోడ్డు మీద అది ఉండదు. ఫ్యాన్, డైనమో, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ అన్నీ ఉన్న అంకెను, అవి లేని అంకెను విడివిడిగా ఇవ్వండి. రెండు దేశాల అంకెలను పోల్చేటప్పుడు తగాదా ఎక్కువగా ఇక్కడే వస్తుంది.

ఇప్పుడు విప్పడం. ప్రతి బోల్టు వదులయ్యేటప్పుడు పట్టిన బలాన్ని టార్క్ రెంచితో చూసి రాసుకోండి. తుప్పు పట్టినవాటి అంకెలు పక్కన పెట్టండి. ప్రతి భాగానికి నంబరు, ఫొటో, బరువు ఉండాలి. బరువు గ్రాముల్లో తీయాలి, నట్టూ వాషరూ కూడా వదలొద్దు. అంతా అయ్యాక అన్ని భాగాల బరువులూ కలిపి మొదట తూచిన బండి బరువుతో సరిచూడండి. ఒక శాతం కన్నా తేడా ఎక్కువుంటే ఏదో మరిచారని అర్థం. సాధారణంగా వదిలేసేవి ఆయిళ్లు, లోపల పూసిన తారు పూత, వైర్ల కట్ట.

కొలతల్లో డిజైన్ కొలత వేరు, అరిగిన కొలత వేరు. సిలిండర్ బోరును పై అంచు నుంచి 10 మిల్లీమీటర్ల కింద, మధ్యలో, రింగులు తగలని అడుగు భాగంలో, మూడు చోట్లా రెండు దిశల్లో తీయండి. అడుగు భాగం అసలు సైజు చెబుతుంది, పై భాగం బండి ఎలాంటి జీవితం గడిపిందో చెబుతుంది. అరుగుదల ఎక్కువుంటే డిజైన్ చెడ్డదని వెంటనే రాసేయకండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి దాని అడుగున ఎంత ఇసుక ఉందో చూశాకే రాయండి.

చివర్న కోయడం. క్రాంక్‌షాఫ్ట్, గేరు, బ్లాకు ఒక్కొక్కటి అడ్డంగా కోసి, నునుపు చేసి, నైట్రిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్‌తో తడిపితే గట్టిపరచిన పొర ఎంత లోతుందో కంటికే తెలుస్తుంది. ల్యాబులో మీ అధ్యాపకుల పర్యవేక్షణ లేకుండా ఈ పని చేయకండి.

ప్రశ్న: పాత బండి యాక్సిల్ షాఫ్ట్ కొలతలు తీసి లేత్‌లో అచ్చం అలాంటిదే చేయిస్తున్నాం. అయినా నెలల్లో విరిగిపోతోంది. కొలతలన్నీ సరిపోయినా ఎందుకిలా? – ఆటోనగర్ మెకానిక్, విజయవాడ

కొలత మీకు ఆకారం ఇస్తుంది. ఉక్కు రకాన్ని, కాల్చి గట్టిపరచిన తీరును ఇవ్వదు. దొరికిన ఈఎన్8 (మామూలు కార్బన్ ఉక్కు) రాడ్డుతో చేసిన షాఫ్ట్, మిశ్రమ ఉక్కుతో చేసి పైపొర గట్టిపరచిన అసలు షాఫ్ట్ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. తిరిగినప్పుడే తేడా బయటపడుతుంది.

విరిగిన చోటు చూడండి. లావు భాగం సన్నబడే మలుపు దగ్గర విరిగితే అక్కడ గుండ్రదనం తగ్గిందన్నమాట. టూలు మొనతో పదునైన మూల వదిలేస్తే ఒత్తిడి అంతా అక్కడే చేరుతుంది. కనీసం అసలు షాఫ్ట్‌కున్న గుండ్రదనం ఇవ్వండి, టూలు గీతలు కనబడకుండా ఎమరీతో నునుపు చేయించండి. స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఉండే పళ్ల గాడుల) మొదట్లో మెలితిరిగి విరిగితే ఉక్కు మెత్తదని అనుమానించాలి. అసలు షాఫ్ట్‌నూ మీ షాఫ్ట్‌నూ హార్డ్‌నెస్ మెషిన్ ఉన్న వర్క్‌షాపులో ఒకసారి చూపించండి. ఒకే భాగాన్ని కొలిచి టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే హెచ్చుతగ్గుల హద్దు) నిర్ణయించకండి. పిన్ను 19.98 మిల్లీమీటర్లు ఉందంటే డ్రాయింగులో రాసింది 19.98 అని కాదు. 19.97 నుంచి 20.00 దాకా ఉండవచ్చని రాసి ఉండొచ్చు. వేర్వేరు బండ్ల నుంచి ఐదారు కొలిస్తే గాని ఆ హద్దులు తెలియవు.

మీ ఇబ్బంది పెద్ద కంపెనీలకూ వచ్చింది. జపాన్‌లో మగ్గాలు తయారుచేసే టొయోడా కంపెనీ 1933లో కార్ల విభాగం (ఇప్పటి టొయోటాకు మూలం) పెట్టి, ఒక షెవ్రొలే కారు కొని విప్పింది. దాని ఆరు సిలిండర్ల ఇంజన్ నమూనాగా తమ ‘ఏ’ టైపు ఇంజన్ చేశారు. అదే 84.1 మిల్లీమీటర్ల బోరు, అదే 101.6 స్ట్రోక్, 3,389 సీసీ. అమెరికన్ విడిభాగాలు తమ బండ్లకూ సరిపోవాలని ఆ విభాగాన్ని నడిపిన కీచిరో టొయోడా కావాలనే అలా పెట్టారు. కొలతల్లో లోటు లేదు. బ్లాకు పోత పోయడం దగ్గర ఆగిపోయారు. మగ్గాల పోతలో ఆరితేరిన వాళ్లే అయినా, సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే సందు కోసం పెట్టే సన్నటి ఇసుక కోర్లు వాళ్లకు కొత్త. కోరు లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే కరిగిన ఇనుము బుడగలు కడుతుంది, కోరు కొంచెం కదిలితే గోడ ఒకవైపు పలచబడుతుంది. బ్లాకుల వెంట బ్లాకులు పారేసుకుంటూ నేర్చుకున్నారు. అమెరికన్ బ్లాకును ఎంత జాగ్రత్తగా కోసి చూసినా, దాన్ని ఎలా పోశారో అందులో రాసి ఉండదు.

తయారైన మొదటి ఇంజన్లు షెవ్రొలే పవర్‌ను అందుకోలేకపోయాయి. సిలిండర్ హెడ్‌లో మంట గది ఆకారం మార్చాక 62 హార్స్‌పవర్ వచ్చింది. అంటే పెద్ద తేడా ఉన్నది అందరూ చూసే బోరు, స్ట్రోకుల్లో కాదు, ఎవరూ పట్టించుకోని గుంట ఆకారంలో. 1935లో వచ్చిన వాళ్ల జీ1 లారీకి ఫ్రేము, వెనక యాక్సిల్ ఫోర్డ్ పద్ధతిలో ఉండేవి. అందులోనూ వెనక యాక్సిల్ హౌసింగులు విరిగాయి. మీ షాఫ్ట్ కథ కూడా అదే.

ప్రశ్న: ఇలా విప్పి చూడటం దొంగతనం కాదా? – డిగ్రీ విద్యార్థిని, వరంగల్

బజారులో కొన్న కారును విప్పి చూడటం తప్పు కాదు. పేటెంటు ఉన్న నిర్మాణాన్ని, రిజిస్టరైన ఆకృతిని అనుమతి లేకుండా తయారుచేసి అమ్మితేనే చట్టం అడ్డొస్తుంది. మన దేశంలో పేటెంటు గడువు దరఖాస్తు నుంచి 20 ఏళ్లు, డిజైన్ రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు, మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు.

పాత ఉదాహరణ ఒకటి ఉంది. బ్రిటన్‌లో 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ కారును జర్మనీలో డిక్సీ, ఫ్రాన్స్‌లో రోజెన్‌గార్ట్ లైసెన్సు తీసుకుని తయారుచేశాయి. జపాన్ డాట్సన్ చూడటానికి దాని తమ్ముడిలా ఉండటంతో సర్ హెర్బర్ట్ ఆస్టిన్ 1935లో ఒక డాట్సన్‌ను తెప్పించి పరీక్షింపజేశారు. రెండు ఇంజన్లూ నాలుగు సిలిండర్ల సైడ్ వాల్వ్ చిన్న ఇంజన్లే. ఆస్టిన్‌ది 747 సీసీ, అప్పటి డాట్సన్‌ది 722 సీసీ. కింద చూస్తే తేడాలున్నాయి. ఆస్టిన్ వెనక స్ప్రింగులు ఫ్రేము నుంచి తోకలా వెనక్కి సాగిన పావు కమాన్లు, డాట్సన్‌కు మామూలు కమాన్ కట్టలు. ఆస్టిన్ వెనక యాక్సిల్‌లో బెవెల్ గేర్లు, డాట్సన్‌లో వర్మ్ గేరు. ఆస్టిన్ పేటెంటు ఫిర్యాదు ఏదీ చేయలేదు. పైరేకు చూసి కాపీ అనేయడం తేలిక, కింద పడుకుని చూస్తే గాని తేల్చలేం.

ప్రశ్న: విప్పి చూసి ఆ కారు తయారీకి ఎంత ఖర్చయిందో చెప్పగలరా? – చార్టర్డ్ అకౌంటెంట్, విశాఖపట్నం

చెప్పగలరు. ఈ రంగంలో అందరూ తలిచే ఉదాహరణ 1959 నాటి మినీ. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ దాన్ని పన్నుతో కలిపి 497 పౌండ్ల లోపు ధరకు అమ్మింది. ఆ ధరకు ఎలా ఇస్తున్నారో తెలియక బ్రిటన్ ఫోర్డ్ ఒక మినీ కొని, భాగాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఖరీదు కట్టింది. ఒక్కో కారు మీద బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్లు సుమారు 30 పౌండ్లు నష్టపోతున్నారని తేలింది.

లెక్క కట్టే తీరు మీ వృత్తికి దగ్గరే. తలుపు రేకు నాలుగు కిలోలుంటే ఖరీదు నాలుగు కిలోలకు కాదు, దాన్ని కోయడానికి తీసుకున్న ఆరు కిలోల రేకుకు కట్టాలి. మిగిలిన తుక్కు అమ్మగా వచ్చేది తీసేయాలి. ఆ తర్వాత ఎన్ని ప్రెస్సు దెబ్బలు, ఎన్ని స్పాట్ వెల్డులు, ఒక్కోదానికి ఎన్ని సెకన్లు అని లెక్కించి కూలి, మెషిన్ ఖర్చు కలుపుతారు. డైల (రేకును ఆకారంలోకి నొక్కే అచ్చుల) ఖరీదును ఎన్ని కార్ల మీద పంచాలన్నది ఊహించాల్సిన అంకె. తప్పు ఎక్కువగా దొర్లేది అక్కడే. లక్ష కార్లనుకుని పంచింది పది లక్షలు అమ్ముడైతే మీ అంచనా తలకిందులవుతుంది. ఇంకో పొరపాటు, పోటీవాడి పనిని మీ ఫ్యాక్టరీ వేగంతో లెక్కగట్టడం.

ఆ పాఠం ఫోర్డ్‌కు వెంటనే పనికొచ్చింది. టెరెన్స్ బెకెట్ ఆధ్వర్యంలో 1962లో తెచ్చిన కోర్టినాలో ప్రతి భాగానికీ ముందే ఖరీదు, బరువు హద్దులు పెట్టి డిజైన్ చేశారు. మినీలాంటి సాహసమైన ఇంజనీరింగ్ అందులో లేదు, లాభం మాత్రం వచ్చింది. మినీని సృష్టించిన అలెక్ ఇస్సిగోనిస్ ప్రతిభను మేం తక్కువ చేయడం లేదు. ఆ ప్రతిభకు పక్కన ఖర్చు లెక్కలు చూసే ఒక మంచి అకౌంటెంట్ ఉండాల్సింది.

విప్పి చూస్తే దొరకని లోపం కూడా మినీలోనే ఉంది. తొలి కార్లలో నేల రేకుల అతుకు నీటిని లోపలికి నెట్టేలా పడింది. వర్షంలో తోలితే కాళ్ల కింద నీళ్లు చేరేవి. అలాంటిదాన్ని షెడ్డులో విడదీసి బల్ల మీద పేర్చి చూస్తే ఎవరికీ తట్టదు, వానలో పది కిలోమీటర్లు తోలాలి.

ప్రశ్న: విప్పిన ఇంజన్ కంప్రెషన్ రేషియో కంపెనీ చెప్పినంత ఉందో లేదో ఇంట్లో తేల్చుకోవచ్చా? – ఐటీఐ విద్యార్థి, కర్నూలు

తేల్చుకోవచ్చు. పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం చోటును, పైకొచ్చాక మిగిలే చోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. హెడ్‌ను శుభ్రం చేసి, వాల్వులు, ప్లగ్గు బిగించి, మంట గది పైకి ఉండేలా సమంగా పెట్టండి. అంచుకు పలచగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న పారదర్శక ప్లాస్టిక్ పలకతో మూయండి. గీతల గొట్టంతో ఆ రంధ్రం గుండా కిరోసిన్ పోస్తూ, బుడగలన్నీ పోయి నిండేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడండి. 1,131 సీసీ ఫోక్స్‌వాగన్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఒక సిలిండర్‌లో పిస్టన్ తుడిచే పరిమాణం 282.7 సీసీ. కంపెనీ చెప్పిన రేషియో 5.8. ఆ లెక్కన పిస్టన్ పైకొచ్చాక మిగలాల్సిన చోటు 282.7ను 4.8తో (5.8లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది) భాగిస్తే వచ్చే 58.9 సీసీ.

హెడ్‌లో పట్టిన కిరోసిన్ ఒక్కటే లెక్కేయకండి. పిస్టన్ పైకొచ్చినప్పుడు సిలిండర్ అంచుకు ఎంత కింద ఆగిందో డెప్త్ గేజితో కొలిచి, ఆ చోటు పరిమాణం కలపాలి. గాస్కెట్ ఉంటే నొక్కుకున్నాక ఉండే మందం కలపాలి, కొత్త మందం కాదు. పిస్టన్ తల ఉబ్బెత్తుగా ఉంటే తగ్గించాలి, గుంటగా ఉంటే కలపాలి. ఈ సైజు ఇంజన్‌లో 2 సీసీ తప్పుపోతే రేషియో 0.17 దాకా మారుతుంది. అందుకే మూడుసార్లు కొలవండి. కిరోసిన్ వాల్వు పక్క నుంచి కారిపోతుంటే లెక్క మానేసి ముందు వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టండి.